విశాఖ సిటీ బస్సుకు చార్జీ ఎవరు కట్టాలి?

(నగర రవాణా మీద విశాఖపట్నంలో జరిగిన పౌరసభలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. మీలో ఎంతమంది సిటీ బస్సులో వచ్చారో చేతులెత్తమని అడుగుదామనుకున్నాను గాని, లోపలికి వస్తూ గేటు పక్కన స్కూటర్ల వరుస చూశాక ఆ ఆలోచన మానుకున్నాను. నేనూ ఆటోలోనే వచ్చాను కనుక మిమ్మల్ని తప్పుపట్టే అర్హత నాకు లేదు. ఉద్యోగ జీవితమంతా జమాఖర్చుల పుస్తకాల మధ్య గడిపినవాణ్ణి. అందువల్ల నగరవాసులందరికీ బస్సు ప్రయాణం ఉచితం చేయాలన్న మాట చెవిన పడగానే, ఆ ఖర్చు ఏ పద్దు కింద రాస్తారు అన్న ప్రశ్నే నాకు ముందుగా తోస్తుంది. ఈ సాయంత్రం నేను చెప్పబోయేదంతా ఆ అలవాటులోంచి పుట్టిందే.

ఈ కోరిక వినగానే కొందరు నవ్వుతారు. నవ్వేవారికి ఒక సంగతి గుర్తుచేయాలి. 2025 ఆగస్టు 15న మన రాష్ట్రంలో స్త్రీశక్తి పథకం మొదలైనప్పటి నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులతో పాటు సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో కూడా ఆడవారికి టికెట్ డబ్బులు లేవు. అంటే విశాఖ జనాభాలో సగానికి సిటీ బస్సు ఇప్పటికే ఉచితం. మనకంటే ముందు 2019 అక్టోబరులో ఢిల్లీ, 2021లో తమిళనాడు, 2023 జూన్‌లో కర్ణాటక, అదే ఏడాది డిసెంబరులో తెలంగాణ ఈ దారి పట్టాయి. పైగా 2020 జనవరి 1 నుంచి ఆర్టీసీ ఉద్యోగులు ప్రభుత్వ ఉద్యోగులయ్యారు. డ్రైవరుకూ కండక్టరుకూ జీతం ప్రభుత్వమే ఇస్తున్నప్పుడు, ప్రయాణికులలో సగం మందికి చార్జీ లేనప్పుడు, మిగిలిన సగం కూడా ఉచితం చేయడం ఆకాశానికి నిచ్చెన వేయడమేమీ కాదు. ఆ మిగిలిన సగంలో పొద్దున్నే పనికి పోయే తాపీమేస్త్రీ ఉన్నాడు, షిఫ్టు దిగిన సెక్యూరిటీ గార్డు ఉన్నాడు, మందుల కోసం కేజీహెచ్ ఆసుపత్రికి పోయే అరవై దాటిన పెద్దాయన ఉన్నాడు. ఆ పెద్దాయనకు టికెట్‌లో నాలుగో వంతు రాయితీ మాత్రమే దొరుకుతుంది, పక్కన కూర్చున్న ఆయన భార్యకు చార్జీయే లేదు.

అయితే "నగరవాసులకు ఉచితం" అన్న మాటలో ఉచితం కంటే నగరవాసి అన్న పదమే నన్ను ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. ఈ మాట మనకు ఎస్తోనియా రాజధాని టాలిన్ నుంచి వచ్చింది. నాలుగు లక్షల పైచిలుకు జనాభా గల ఆ ఊళ్లో 2012లో ప్రజాభిప్రాయ సేకరణ జరిపితే, ఓటు వేసినవారిలో నాలుగింట మూడు వంతుల మంది ఒప్పుకున్నారు. 2013 జనవరి 1 నుంచి అక్కడ నివాసం నమోదు చేయించుకున్నవారందరికీ బస్సు, ట్రాము, ట్రాలీబస్సు ఉచితమయ్యాయి, బయటి నుంచి వచ్చినవారు మాత్రం టికెట్ కొనాలి. ఆ నిబంధన వెనుక వట్టి స్థానికాభిమానం కాదు, పక్కా లెక్క ఉంది. ఎస్తోనియాలో మనిషి ఏ పురపాలక సంఘంలో నివాసం నమోదు చేయించుకుంటే అతను కట్టే ఆదాయపు పన్నులో ఒక వాటా ఆ సంఘానికి చేరుతుంది. అప్పటికే టాలిన్‌లో బతుకుతూ కాగితాల మీద మాత్రం వేరే ఊరివారుగా ఉన్న వేలాది మంది, బస్సు కార్డు కోసమని వచ్చి పేర్లు నమోదు చేయించుకున్నారు. నగర ఖజానాకు వచ్చిన ఆ కొత్త పన్నే పోయిన టికెట్ డబ్బుకు చాలా వరకు బదులైంది.

ఈ ఏర్పాటును యథాతథంగా విశాఖకు తెస్తే ఏమవుతుందో ఆలోచించండి. మనం కట్టే ఆదాయపు పన్నులో మహా విశాఖ నగరపాలక సంస్థకు నేరుగా వచ్చే వాటా ఏదీ లేదు. ఇంకా లోతుకు వెళితే, 74వ రాజ్యాంగ సవరణ పురపాలక సంఘాలకు అప్పగించదగిన పనులుగా పన్నెండో షెడ్యూలులో రాసిన 18 అంశాలలో రోడ్లూ వంతెనలూ ఉన్నాయి, బస్సుస్టాపులు ఉన్నాయి, శ్మశానాలు కూడా ఉన్నాయి, నగర రవాణా అన్న మాట మాత్రం లేదు. స్టాపు కట్టే బాధ్యత కార్పొరేషన్‌ది, ఆ స్టాపుకు బస్సు పంపే బాధ్యత వేరొకరిది అన్న విడ్డూరం మనకు అలా ఏర్పడింది. ఇటువంటి చోట నివాస కార్డు పెట్టినందువల్ల ఖజానాకు పైసా చేరదు, ఎవరో కొందరిని బస్సు దించడం మాత్రం జరుగుతుంది.

ఎవరిని దించుతాం? కిరండూల్ లైను మీదుగా కొరాపుట్ వైపు నుంచి వచ్చి మధురవాడలో అపార్ట్‌మెంట్ల పునాదులు తవ్వే ఒడియా కూలీని దించుతాం. శ్రీకాకుళం నుంచి వలస వచ్చి, ఆధార్‌లో ఇంకా సొంతూరి చిరునామాయే ఉన్న మేస్త్రీని దించుతాం. కొత్తవలసలో కాపురముంటూ రోజూ 28కె బస్సు ఎక్కి ఊళ్లోకి వచ్చే గుమాస్తాను దించుతాం, ఎందుకంటే కొత్తవలస విజయనగరం జిల్లా. సీతమ్మధారలో సొంత ఇల్లూ ఇంట్లో రెండు కార్లూ ఉన్న ఆయనకు కార్డు మాత్రం నిక్షేపంలా వస్తుంది, దాన్ని ఆయన బీరువాలో దాచుకుంటారు. స్త్రీశక్తిలోనే ఈ చిక్కు కొంత కనబడుతున్నది. అది ఆంధ్రప్రదేశ్ నివాసులకే కనుక గుర్తింపు కార్డు చూపాలి, పునాదులు తవ్వే ఒడియా కూలీ భార్య టికెట్ కొనుక్కోవాలి. విశాఖలో ఉచిత ప్రయాణమంటూ పెడితే అది బస్సు ఎక్కిన ప్రతి మనిషికీ ఉండాలన్నది నా మొదటి మాట. ఊరిలో చెమటోడ్చేవాడు ఊరివాడే, ఆధార్‌లో ఏ చిరునామా ఉన్నా సరే.

టాలిన్ దగ్గర నేర్చుకోవలసినది మరొకటుంది, అది అంత తియ్యగా ఉండదు. పథకం మొదలైన ఏడాది తర్వాత పరిశోధకులు లెక్కతీస్తే, నగరంలో జరిగే ప్రయాణాలలో ప్రజా రవాణా వాటా 55 శాతం నుంచి 63 శాతానికి పెరిగింది. బాగానే ఉంది. కాని కారు వాటా 31 నుంచి 28కి మాత్రమే తగ్గింది, నడక వాటా 12 నుంచి 7కు పడిపోయింది. కొత్తగా బస్సెక్కినవారిలో కారు వదిలివచ్చినవారికంటే నడక మానుకున్నవారే ఎక్కువన్నమాట. నడిచేవాడు బస్సెక్కడం తప్పని నేననను. మండువేసవిలో ఎన్ఏడీ కొత్తరోడ్డు నుంచి మర్రిపాలెం నడిచేవాడికి బస్సు దొరికితే అది సంతోషించదగ్గ విషయమే. టికెట్ తీసేస్తే హైవే మీద ట్రాఫిక్ తగ్గిపోతుందని వాగ్దానం చేయవద్దని మాత్రమే అంటున్నాను. కారున్నవాడు పది పదిహేను రూపాయల చార్జీకి జంకి కారెక్కడం లేదు. బస్సు ఎప్పుడొస్తుందో తెలియక, వచ్చినా ఫుట్‌బోర్డు మీద వేలాడవలసి వస్తుందని కారెక్కుతున్నాడు.

దీనికి ఎదురుగా ఫ్రాన్సు ఉత్తర తీరంలోని డంకర్క్‌ను పెట్టి చూడండి. మనలాగే ఓడరేవూ ఉక్కు కర్మాగారమూ ఉన్న ఊరు, చుట్టుపక్కల కలుపుకొని రెండు లక్షల జనాభా. 2018 సెప్టెంబరు 1న వాళ్లు బస్సులన్నీ ఉచితం చేశారు, స్థానికులకూ పరాయివారికీ తేడా లేకుండా. అసలు సంగతేమిటంటే వాళ్లు టికెట్ తీసేసిన రోజునే రూట్లన్నీ తిరగరాశారు. ముఖ్యమైన ఐదు మార్గాలలో పది నిమిషాలకొక బస్సు వేశారు, బస్సులకు ప్రత్యేక దారులిచ్చారు. ఏడాది తిరిగేసరికి మామూలు రోజుల్లో ప్రయాణికులు సగానికి పైగా పెరిగారు, శని ఆదివారాల్లో రెట్టింపు దాటారు. డబ్బు మాటకు వస్తే, అక్కడ టికెట్ల వల్ల వచ్చేది నిర్వహణ ఖర్చులో పదో వంతే. మిగతాదానిలో పెద్ద భాగం ఆ ప్రాంతంలోని సంస్థలు తమ జీతాల బిల్లు మీద కట్టే రవాణా పన్ను నుంచి వస్తుంది, ఆ పన్నును ఉచితం చేయడానికి ఏళ్ల ముందే పెంచి ఉంచుకున్నారు. బెల్జియంలోని హాసెల్ట్ ఊరిది ఇందుకు తిరగబడ్డ కథ. 1997లో ఉచితం చేసి, ప్రయాణికుల సంఖ్య పది రెట్లు దాటించి, ఖర్చు భరించే దారి చాలక 2013లో మళ్లీ టికెట్ పెట్టింది. పదహారేళ్లు నడిచిన పథకం కూడా ఖర్చుకు శాశ్వతమైన పద్దు లేకపోతే ఒక బడ్జెట్ కసరత్తులో పోతుంది.

ఇప్పుడు మన స్టాపుకు వద్దాం. బస్సు ప్రయాణానికి పేదవాడు రెండు రకాలుగా చెల్లిస్తాడు. ఒకటి కండక్టరు చేతిలో పెట్టే డబ్బు, రెండోది స్టాపులో నిలబడే సమయం. మొదటిది టికెట్ మీద అచ్చవుతుంది, రెండోది ఎక్కడా అచ్చు కాదు. ఫిషింగ్ హార్బర్‌లో తెల్లవారకముందే చేపలు కొని తట్టలతో కాలనీలకు బయలుదేరే మత్స్యకార మహిళను చూడండి. స్త్రీశక్తి వచ్చాక ఆమెకు టికెట్ ఖర్చు పోయింది. కాని ఎండెక్కేలోగా సరుకు అమ్ముకోవాలి గనుక, బస్సు రాకపోతే ఆటోకే డబ్బు పోస్తుంది, తట్టకు వేరే ఇచ్చుకుంటుంది. పొద్దున నాలుగున్నరకు రాని ఉచిత బస్సు వల్ల ఆమెకు మిగిలేది సున్నా. దువ్వాడ సెజ్‌లో రాత్రి షిఫ్టు దిగే అమ్మాయికీ, పదింటికి డ్యూటీ దిగే ఉక్కు కార్మికుడికీ ఇదే లెక్క.

ఆ వేళల్లో బస్సు ఎందుకు ఉండదు? ఆర్టీసీలో పనిచేసినవారికి ఈపీకే అన్న మాట బాగా తెలుసు. కిలోమీటరుకు ఎంత రాబడి వచ్చిందన్న లెక్క అది. ఒక ట్రిప్పు బతకాలా రద్దు కావాలా అన్నది చాలాసార్లు ఈ అంకె తేలుస్తుంది. కుర్మన్నపాలెం నుంచి మద్దిలపాలెం వరకు 400 నంబరు సర్వీసులు కిక్కిరిసి నడుస్తాయి కనుక వాటికి ఢోకా లేదు. కొండ అంచున ఉన్న కాలనీకి తెల్లవారుజామున పోయే బస్సుకు ఈపీకే రాదు. మన ఊరి ఆకారమే ఈ కష్టాన్ని పెంచుతుంది. ఒక పక్క సముద్రం, మరో పక్క కొండలు, మధ్యలో భీమిలి నుంచి గాజువాక దాటి సన్నగా పొడవుగా సాగిన నగరం. పొద్దున అందరూ ఒకే వైపు పోతారు, బస్సు తిరుగు ట్రిప్పు ఖాళీగా వస్తుంది. ఇక్కడొక సూక్ష్మం ఉంది. అందరికీ ఉచితం చేస్తే రాబడి లెక్కకు అర్థమే పోతుంది. దాని స్థానంలో ఒక స్టాపులో మనిషి సగటున ఎన్ని నిమిషాలు నిలబడ్డాడన్న లెక్కను పెట్టకపోతే, రద్దీ మార్గంలో కూడా బస్సు తగ్గించాలన్న శోధన పుడుతుంది, ఎందుకంటే ఉచిత బస్సులో ప్రతి అదనపు ట్రిప్పూ పుస్తకంలో ఖర్చుగానే కనబడుతుంది. ఆడవాళ్లకు ఉచితం చేసిన తర్వాత ఢిల్లీలో, స్టాపులో ఆడవాళ్లు మాత్రమే నిలబడి ఉంటే బస్సు ఆపడం లేదన్న ఫిర్యాదులు వచ్చాయి. డబ్బు ఇవ్వని ప్రయాణికుడు బరువుగా తోచడం ఎలా మొదలవుతుందో దాన్ని బట్టి గ్రహించవచ్చు. టికెట్ లేకపోయినా సున్నా టికెట్ కొట్టడం, ఎందరు ఎక్కారో లెక్క ఉంచడం అందుకే అవసరం. కండక్టర్లకు అది వృథా శ్రమ అనిపిస్తుందని తెలుసు, కాని ఆ కాగితం ముక్క లేకపోతే ప్రయాణికుడు లెక్కలోంచే మాయమవుతాడు.

ఎన్ని బస్సులు కావాలి? కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ సేవల ప్రమాణాల ప్రకారం లక్ష జనాభాకు 60 బస్సులుంటే ఉత్తమ స్థాయి. 2011 జనాభా లెక్కల్లో మన నగరానిది 17 లక్షల 28 వేలు. ఆ పాత సంఖ్య మీదనే చూసినా వెయ్యికి పైగా బస్సులు తేలుతాయి. వెయ్యి బస్సులు రోజుకు రెండేసి వందల కిలోమీటర్లు తిరుగుతాయనీ, కిలోమీటరుకు అన్నీ కలిపి 70 రూపాయలవుతుందనీ అనుకుందాం. ఇవి నేను వేసుకున్న ఉజ్జాయింపు అంకెలు, మీరు మీ అంకెలు వేసుకోండి. రోజుకు కోటీ నలభై లక్షలు, ఏడాదికి 511 కోట్లు. నగరంలో ఇప్పుడు 20 లక్షల మంది ఉన్నారనుకుంటే మనిషికి నెలకు 213 రూపాయలు, నలుగురున్న ఇంటికి 850. లీటరు వంద దాటిన పెట్రోలుతో రోజుకు అర లీటరు కాల్చే ఒక స్కూటరుకు నెలకు ఇంతకంటే ఎక్కువవుతుంది. ఈ 511 కోట్లలో పెద్ద భాగం జీతాల రూపంలో ఇప్పటికే ప్రభుత్వం భరిస్తున్నదని కూడా మరువకండి.

ఇంకొక పోలిక చెప్పనివ్వండి. ప్రతిపాదనలో ఉన్న విశాఖ మెట్రో మొదటి దశ 46.23 కిలోమీటర్లు, అంచనా 11,498 కోట్లు. కిలోమీటరుకు దాదాపు 249 కోట్లు. ఒక్కొక్క ఎలక్ట్రిక్ బస్సు కోటిన్నర అనుకున్నా, ఒక కిలోమీటరు మెట్రో డబ్బుతో 160కి పైగా బస్సులొస్తాయి. మెట్రో వద్దని నేననడం లేదు, అలా అన్నవాళ్లను ఈ ఊళ్లో అభివృద్ధి నిరోధకులంటారని నాకు తెలుసు. కాని పూర్వం బీఆర్‌టీఎస్ (వేగ బస్సు రవాణా వ్యవస్థ) పేరుతో పెందుర్తి వైపూ సింహాచలం వైపూ నలభై కిలోమీటర్ల పైచిలుకు దారులు తలపెట్టి, మధ్యలో బస్సులకు ప్రత్యేక వరుస గీసి, ఆ వరుసలో నిమిషాల తేడాతో నడవవలసిన బస్సుల మాట మాత్రం మరిచిపోయిన అనుభవం మనకుంది. సిమెంటుకు దొరికినంత సులువుగా సర్వీసుకు డబ్బు దొరకదు. శంకుస్థాపన చేయడానికి బస్సు ట్రిప్పుకు శిలాఫలకం ఉండదు కదా.

ఆ డబ్బు ఏ పద్దు నుంచి రావాలి? డంకర్క్ పద్ధతిలో సంస్థల మీద రవాణా సుంకమే న్యాయమైనదని నా అభిప్రాయం. కార్మికుడు వేళకు గేటు దగ్గరికి చేరడం వల్ల లాభపడేది కర్మాగారం, మాల్, ఆసుపత్రి, ఐటీ కార్యాలయం. ఇప్పుడు మన దగ్గర ఉద్యోగి జీతంలోంచే కోసే వృత్తి పన్నుకు రాజ్యాంగంలోని 276వ అధికరణ ఏడాదికి 2,500 రూపాయల పరిమితి పెట్టింది, కనుక ఆ దారిలో పెద్దగా రాదు. రాష్ట్రం వేరే చట్టం చేయాలి. రెండోది పార్కింగు. నగరంలో చాలాచోట్ల ప్రజల భూమి మీద రోజంతా కారు నిలిపి ఉంచడం ఉచితంగా చెల్లుతున్నంత కాలం, బస్సు ఉచితం చేయమని అడగడానికి మొహమాటపడవలసిన పనిలేదు. ఈ రెండింటి నుంచి వచ్చేది నగర రవాణా నిధి అన్న పేరుతో విడిగా జమ కావాలి, దానిని ముట్టుకునే హక్కు మరే శాఖకూ ఉండకూడదు. 2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానం పది లక్షలు దాటిన నగరాలకు ఏకీకృత రవాణా సంస్థ ఒకటి ఉండాలన్నది, ఆ నిధికి యజమాని అదే కావాలి.

వరుస మాట కూడా చెబుతాను. అందరికీ ఒకేసారి ఉచితమని ప్రకటిస్తే ఉన్న బస్సుల మీద ఒత్తిడి పెరిగి, డబ్బిచ్చి ఎక్కిన రోజులే నయమన్న మాట వస్తుంది. ముందు తెల్లవారుజామున నాలుగు నుంచి ఏడు వరకూ, రాత్రి తొమ్మిది తర్వాతా నడిచే బస్సుల్ని రెట్టింపు చేసి, ఆ వేళల్లో ఎవరెక్కినా చార్జీ లేదనండి. ఆ వేళల్లో తిరిగేవాళ్లలో షికారుకు పోయేవాళ్లు తక్కువ, కనుక అర్హత పరీక్ష అక్కర లేకుండానే సాయం చేరవలసినవాడికి చేరుతుంది. తర్వాత అరవై దాటిన మగవారికి. కొత్త బస్సులు వచ్చి ముఖ్యమైన రూట్లలో పది నిమిషాల వ్యవధి నిలకడగా నిలిచిన తర్వాత మిగిలిన అందరికీ.

(ఉచితంగా ఇస్తే జనానికి విలువ తెలియదు కదా అని సభలో ఒకరు అడిగారు.)

ఆర్కే బీచ్‌లో నడవడానికి టికెట్ లేదు, అందుకని బీచ్ విలువ మనకు తెలియకుండా పోలేదు. లక్సెంబర్గ్ 2020లో దేశమంతటా రవాణా ఉచితం చేసింది, రైళ్లలో మొదటి తరగతికి మాత్రం టికెట్ ఉంచింది. విలువ డబ్బులోనే తెలుస్తుందనుకునేవారికి అక్కడ సదుపాయం ఉంది.

(గోపాలపట్నం నుంచి వచ్చిన ఒక ఆటో డ్రైవరు, తమ బతుకు సంగతేమిటని అడిగారు.)

తమ్ముడూ, ఇది నేనే ముందు చెప్పి ఉండవలసింది. స్త్రీశక్తి తర్వాత మీ రాబడి తగ్గిందనే కదా 2025 అక్టోబరులో ప్రభుత్వం డ్రైవరుకు 15,000 రూపాయల చొప్పున ఇచ్చింది. ఏడాదికొకసారి ఇచ్చే ఆ సాయం రోజువారీ బేరానికి ప్రత్యామ్నాయం కాదు. నాకు తోచినది ఇది. మన ఊళ్లో కొండవాలు కాలనీలు చాలా ఉన్నాయి, ఆ మలుపుల్లో పెద్ద బస్సు ఎక్కదు, ఎక్కినా తిరగడానికి చోటుండదు. కొండ కింద స్టాపు నుంచి పై వీధుల దాకా ఆటోలనే నిర్ణీత వేళల్లో నడిపించి, ప్రయాణికుడి దగ్గర కాక రవాణా నిధి నుంచే ట్రిప్పుకు ఇంతని మీకు చెల్లించాలి. బస్సుతో పోటీపడి హైవే మీద పరుగెత్తే ఆటో అప్పుడు బస్సుకు మనిషిని తెచ్చే ఆటో అవుతుంది. రోజుకెన్ని ట్రిప్పులైతే మీకు గిట్టుబాటవుతుందో, ఏ వీధులకు ఏ వేళ గిరాకీ ఉంటుందో మీ స్టాండులోవాళ్లంతా కూర్చుని ఒక కాగితం మీద రాసి ఇవ్వండి. వచ్చే సమావేశానికి ఆ కాగితం ముందు పెట్టుకునే మాట్లాడదాం.